సాయంత్రం తీసిన అచ్చు

పోయిన వారం మిమ్మల్ని ఒక అబద్ధం దగ్గర కూర్చోబెట్టి వెళ్ళాను. ఆ అబద్ధం నాది కాబట్టి, మళ్ళీ ఎత్తుకోవలసిందీ నేనే.

మా అక్క కూతురు, డాన్సు కంపెనీలో అందరూ బొంగరం అని పిలిచే పిల్ల, కొత్త ప్రదర్శనలో ముఖ్య పాత్ర చేస్తోంది. రెండు నెలల కిందట ఎడమ పాదంలో, రెండో వేలి మొదట్లో నొప్పి అంటూ నా దగ్గరికి వచ్చింది. నేను డాన్సర్లకు బూట్లు కుట్టేదాన్ని, బూటు లోపల అరికాలి కింద పెట్టే మెత్తలు చేసేదాన్ని. సరిగ్గా ఆ ఎముక ఆనే చోట మెత్తలో చిన్న గుంట చెక్కి ఇచ్చాను. బరువు ఆ ఎముక మీద పడకపోతే నొప్పి ఉండదు. కొన్నాళ్ళు ఉండలేదు కూడా. నొప్పి మళ్ళీ వచ్చిందని, పోయిన సోమవారం ఆ పిల్ల ఒక ఎక్స్‌రే పట్టుకొచ్చింది. ఆ ఎముకలో వెంట్రుకంత పగులు ఉంది. ఆరు వారాలు గెంతొద్దని డాక్టరు చెప్పాడట. "అమ్మకు చెప్పకు పిన్నీ, డైరెక్టరుగారికి చెప్పకు, ఈ ఒక్క ప్రదర్శన అయిపోనీ" అని నా కాళ్ళావేళ్ళా పడింది. నేను గుంటను ఇంకాస్త లోతుగా చెక్కాను. అంతటితో ఆగానా? ప్రతి ప్రదర్శనకు ముందు కంపెనీ వాళ్ళు నా చేత నింపించే కాగితం ఒకటి ఉంది. దాని మీద "పాదాలు బాగున్నాయి" అని రాసి సంతకం కూడా పెట్టాను.

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు పెద్దలు. నేను అడుసు తొక్కి, కాలు కడక్కుండా వారం రోజులు తిరిగాను. ప్రదర్శన ఇంకా తొమ్మిది రోజులుందనగా ఈ మంగళవారం వచ్చింది.

మా దుకాణం డాన్సు హాలు కిందే. వీధిలోంచి మూడు మెట్లు దిగాలి. ఒక గోడ పొడుగునా అరలు, అరల నిండా కొయ్య పాదాలు. ఏ డాన్సరు కొలతకు ఆ డాన్సరుదే. వాటి మడమల మీద నేను పెట్టిన ముద్దుపేర్లు రాసి ఉంటాయి: కొంగ, బుల్లెట్టు, ఆలస్యం, అత్తగారు. అత్తగారికి ఇరవై రెండేళ్ళు, ఏ బూటు చూపించినా వంక పెడుతుంది. కిటికీ కింద నా బల్ల, కత్తులు, జిగురు డబ్బా. తలెత్తితే పైకప్పు మీద పొద్దున్నుంచి సాయంత్రం దాకా అడుగుల చప్పుడు.

నా దగ్గరికి వచ్చే ప్రతివాళ్ళకూ ఒకటే పాట పాడతాను. మీరు డాన్సు చేసేది నాలుగు గంటలు. మిగతా రోజంతా ఈ సిమెంటు వీధుల మీద నడుస్తారు, రైలు మెట్లు పరుగున ఎక్కుతారు, బస్సులో నిలబడతారు, సాయంత్రం పిల్లలకు పాఠం చెబుతూ నిలబడతారు. హాల్లో వేసుకునే బూటు గురించి నా ప్రాణం తోడేస్తారు గానీ, బయటికి మాత్రం అట్టముక్క లాంటి చెప్పులేసుకుని పోతారు. కాలు పాడయ్యేది స్టేజీ మీద కాదమ్మా, బస్టాపులో. మడమను గట్టిగా పట్టి ఉంచే బూటు వేసుకోండి. రెండు జతలు పెట్టుకుని రోజు మార్చి రోజు వాడండి, తడి ఆరుతుంది. గోళ్ళు మూలలు గుండ్రం చెయ్యకుండా తిన్నగా కత్తిరించుకోండి. వేళ్ళ సందులు తుడుచుకోండి, మీ మొహం తుడుచుకున్నట్టే. "అలాగే మెత్తల పిన్నీ" అని నవ్వి, ఆ అట్టముక్కలే ఈడ్చుకుంటూ పోతారు.

అడగని వాళ్ళకు కూడా ఇంత చెప్పే నోరు, పోయిన సోమవారం చెప్పవలసిన ఒక్క మాట చెప్పలేదు.

మంగళవారం పొద్దున ఎనిమిదిన్నరకు తలుపు తీశాను. మెట్ల మీద మా అక్క నిలబడి ఉంది.

ఎందుకంత ఉలిక్కిపడ్డానో మీకు తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి. అక్క కూడా ఒకప్పుడు ఇదే కంపెనీలో డాన్సరు. మామూలు డాన్సరు కాదు, అక్క వెయ్యబోయే అడుగు కోసం వాయిద్యాలవాళ్ళు ఊపిరి బిగబట్టుకునేవాళ్ళు. నాకప్పుడు ఇరవై అయిదేళ్ళు. ఈ దుకాణం మా గురువుగారిది, నేను ఆయన దగ్గర పని నేర్చుకుంటున్నాను. ఒక సాయంత్రం రిహార్సల్ అయిపోయాక అక్క నాకోసం ఇక్కడికి వచ్చింది. కొత్తగా నేర్చుకున్న విద్య కదా, చేతులు ఊరుకోవు. పాదాల అచ్చు తీస్తానన్నాను. తీస్తే కుడి పాదం మధ్యలో ఉండవలసిన వంపు లేదు, కాగితం మీద పాదమంతా నిండా సిరా. అక్కతో ఒక్క మాట అనలేదు. ఆ కాగితం పట్టుకుని తిన్నగా అప్పటి డైరెక్టరు దగ్గరికి పోయి, "మా అక్క చేత ఈ సీజన్ చేయించకండి, వంపు పడిపోయింది, కాలు పోతుంది" అని చెప్పేశాను. అక్క మంచికేననుకున్నాను. మర్నాటికల్లా అక్క స్థానంలో ఇంకో అమ్మాయి నిలబడింది. అక్క మళ్ళీ స్టేజీ ఎక్కలేదు.

నాతో మాట్లాడ్డం కూడా మానేసింది. పందొమ్మిదేళ్ళు. ఇంట్లో ఏదైనా కార్యానికి అందరం కలిస్తే పక్కనున్నవాళ్ళతో "ఆవిణ్ణి తినమనండి" అనేది. ఒకసారి పక్కన ఎవరూ లేకపోతే కుర్చీకి చెప్పింది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను, చెయ్యి కడుక్కునే నెపం మీద పెరట్లోకి పోయి ఏడ్చాను. బొంగరం మాత్రం పదహారేళ్ళప్పుడు తనంతట తనే మెట్లు దిగి వచ్చి, "నువ్వేనా మా పిన్నివి? అమ్మ నీ గురించి ఏమీ చెప్పదు, అందుకే వచ్చా" అంది. ఆ పిల్ల వచ్చినప్పుడల్లా నాకు ఎండిన కొమ్మకు చిగురు వచ్చినట్టుండేది.

పోయిన సోమవారం నోరు మూసుకోవడానికి కారణం అదే. ఆనాడు చెప్పి అక్కను పోగొట్టుకున్నాను, ఈసారి చెప్పకపోతే పిల్లయినా మిగులుతుందనుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

"బూట్లు కావాలి" అంది అక్క. కుర్చీకి కాదు, నాకే చెప్పింది.

తప్పుకుని దారి ఇచ్చాను.

"బట్టల కొట్లో రోజంతా నిలబడే పని. నడుం లాగేస్తోంది. మెత్తలు పెట్టి చేస్తావట కదా. అందరూ నీ దగ్గరికే వెళ్ళమంటున్నారు."

"కూర్చో అక్కా" అన్నాను. పందొమ్మిదేళ్ళ తర్వాత ఆ రెండు మాటలు ఒకచోట పలకడం నాకే వింతగా వినబడింది.

కూర్చుంది. కాళ్ళకున్న చెప్పులు చూసి నాకు ఒళ్ళు మండింది. అలవాటు చొప్పున, "ఇవా నువ్వు వేసుకుని తిరిగేది? అడుగున ఏముంది, విస్తరాకు మందం కూడా లేదు" అనేశాను.

"మొదలుపెట్టావా? పదినిమిషాలైనా ఆగుతావనుకున్నా" అంది. పెదవి చివర కదిలినట్టనిపించింది.

గోరువెచ్చటి నీళ్ళ తొట్టి తెచ్చి కాళ్ళ దగ్గర పెట్టాను. నిజానికి అచ్చు తియ్యడానికి ముందు తడిగుడ్డతో తుడిస్తే చాలు. ఆ రోజు కడగాలనిపించింది. మడమలు పగిలి ఉన్నాయి, చిటికెన వేలి మీద చెప్పు పట్టీ ఒరిసి ఒరిసి కాయ కాసి ఉంది. ఈ వేళ్ళ కొసల మీద నిలబడి హాలంతా నిశ్శబ్దం చేసిన మనిషి ఈవిడ. మడమలకు మందు రాసి, వేళ్ళ సందులు తుడుస్తుంటే అక్క కిటికీలోంచి వీధిలో పోయేవాళ్ళ కాళ్ళ వంక చూస్తూ కూర్చుంది. మా కిటికీలోంచి కాళ్ళు తప్ప ఇంకేమీ కనబడవు.

"పొద్దునపూట రావడం మంచిదైంది" అన్నాను ఏదో ఒకటి అనాలని.

"ఏం?"

"పొద్దున ఒక అచ్చు తీస్తాను, సాయంత్రం ఒకటి తీస్తాను. పొద్దునది చూస్తే అసలు పాదం ఎలాంటిదో తెలుస్తుంది. సాయంత్రానికి పాదం ఉబ్బుతుంది, కండరాలు అలిసి వంపు దిగిపోతుంది. బూటు ఎంత వదులుండాలో కొలవడానికి మాత్రమే అది పనికొస్తుంది. సాయంత్రం అచ్చు చూసి పాదం మంచిచెడ్డలు చెప్పకూడదు."

చెబుతూ చెబుతూ ఆగిపోయాను.

మా గురువుగారు ఈ సంగతి చెప్పింది అక్క డాన్సు మానేసిన రెండేళ్ళకు. "సాయంత్రం పాదం మాట నమ్మకమ్మా. అలిసిపోయిన మనిషి లాంటిది, ఏమడిగినా ఒప్పుకుంటుంది" అన్నారాయన. ఆ రోజే నాకు వెలగవలసింది. వెలిగిందేమో కూడా. వెంటనే చేతిలో ఉన్న పనిలో తల దూర్చాను. ఆ తర్వాత పదిహేడేళ్ళు వచ్చినవాళ్ళందరికీ ఆ పాఠం అప్పచెప్పాను. ఒక్కసారీ దాన్ని ఆ సాయంత్రం మీద పెట్టి చూసుకోలేదు. చూసుకోలేదంటే కుదరక కాదు, ఇష్టం లేక.

రబ్బరు చాపకు అడుగున సిరా పూసి, దాని కింద కాగితం పరిచాను. "కుడికాలు పెట్టు. బరువంతా వెయ్యి. నన్ను పట్టుకో" అన్నాను. అక్క నా భుజం మీద చెయ్యి వేసింది. లేచి నిలబడింది. దిగింది. నేను చాప ఎత్తాను.

కాగితం మీద పాదం అచ్చు శుభ్రంగా పడింది. మడమ, వేళ్ళ మొదళ్ళు, వేళ్ళు. మడమకూ వేళ్ళ మొదళ్ళకూ మధ్య తెల్లటి వంపు, చంద్రవంకలా. యాభైకి దగ్గరపడ్డ మనిషి, పందొమ్మిదేళ్ళుగా ఆ దిక్కుమాలిన చెప్పుల్లో రోజుకు పది గంటలు నిలబడ్డ మనిషి. ఇరవయ్యేళ్ళ డాన్సర్లలో సగం మందికి అలాంటి వంపు లేదు. పడిపోయిన వంపు వయసుతో లేచి నిలబడదు. ఈ పాదానికి ఎప్పుడూ ఏమీ కాలేదు. ఆ రోజంతా రిహార్సల్ చేసి అలిసింది, అంతే.

"ఎలా ఉంది?" అంది అక్క.

నేను కాగితం పట్టుకుని కూర్చుండిపోయాను.

"చెప్పవేం? ఆనాడు నోరు బాగానే లేచిందిగా."

"బాగుంది అక్కా" అన్నాను. "ఇప్పుడు కాదు, అప్పుడూ బాగుంది. నేను సాయంత్రం తీశాను. సాయంత్రం తీసి తప్పు చదివాను. నీ కాలికి ఏమీ లేదు. నేనే..."

ఏడుపు వచ్చేసింది. ముసలితనం దగ్గరపడుతున్న ఆడది నేల మీద కూర్చుని, సిరా చేతులతో మొహం తుడుచుకుంటూ ఏడిస్తే చూడ్డానికి ఏం బాగుంటుంది? అక్క తొట్టి పక్కనున్న తువ్వాలు నా మీదికి విసిరింది.

"మొహమంతా నల్లగా చేసుకున్నావు. తుడుచుకో. నాకు తెలుసు."

"ఏం తెలుసు?"

"ఏమీ లేదని. నెల తర్వాత ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్ళాను. కాలు అటూ ఇటూ తిప్పి చూసి, నిన్నెవరమ్మా ఇక్కడికి పంపింది అని నవ్వాడు."

"మరి మళ్ళీ కంపెనీకి..."

"వెళ్ళాను. అప్పటికే ఆ అమ్మాయితో సీజన్ మొదలైపోయింది. వచ్చే సీజన్ చూద్దాం అన్నారు. వచ్చే సీజన్ వచ్చేసరికి పాపకు అయిదేళ్ళు, వాళ్ళ నాన్న ఉద్యోగం వేరే ఊళ్ళో, మా అత్తగారు మంచంలో. ఒకసారి ఆగితే అంతే కదే. ఎవరూ ఆపక్కర్లేదు, మనమే ఆగిపోతాం."

"నాకెందుకు చెప్పలేదక్కా? వచ్చి నాలుగు తిట్టకపోయావా?"

అక్క కిటికీ వైపు చూసింది. "అప్పుడే మీ గురువుగారు, నా తర్వాత ఈ బల్ల దీనిదేనని అందరికీ చెబుతున్నారు. నేను నోరు తెరిస్తే ఏమయ్యేది? సొంత అక్క కాలు చూడ్డం చేతకానిదని ఊరంతా అనేది. నీ గడప తొక్కేవాళ్ళు ఉండేవాళ్ళా?"

"అయితే మాట్లాడ్డం ఎందుకు మానేశావు?"

"మాట్లాడితే అనేస్తాను కదే. నా నోటి సంగతి నీకు తెలీదా? ఒక్కసారి ఊఁ అంటే చాలు, మొత్తం కక్కేసేదాన్ని. అందుకని అసలు తెరవలేదు." నా వైపు తిరిగి, "కోపం లేదనుకోకు. ఉంది. అచ్చు తీసింది నాది, చూపించింది ఆ డైరెక్టరుకు. ముందు నాకు చూపిస్తే ఏం పోయింది? మళ్ళీ పొద్దున తియ్యమనేదాన్నేమో. ఆ కోపం ఇప్పటికీ ఉంది" అంది.

ఇన్నేళ్ళూ అక్క నన్ను శిక్షిస్తోందనుకున్నాను. నన్ను కాపాడుతూ నోరు కట్టేసుకుందని కలలో కూడా అనుకోలేదు. నేను తిన్న ప్రతి ముద్దా ఆవిడ మింగిన మాటే. అలాంటి మనిషి ముందు కూర్చుని నేను ఇంకో అబద్ధం ఒళ్ళో పెట్టుకుని ఉన్నాను.

అక్కడితో ఆగినా బాగుండేది. అక్క ఆగలేదు.

"ఇవాళ ఎందుకొచ్చానో చెప్పనా? బూట్ల కోసం కాదు. నెల రోజులుగా పాప మెట్లు దిగేటప్పుడు ఎడమకాలు కాస్త ఆలస్యంగా పెడుతోంది. డాన్సు చేసిన కళ్ళు కదా, నాకు కనబడుతుంది. అడిగితే ఏమీ లేదంటుంది. మొన్న దాని సంచీలో, కంపెనీకి ఇవ్వడానికి పెట్టుకున్న నీ కాగితం చూశాను. పాదాలు బాగున్నాయని నీ సంతకం. అది చూశాక హాయిగా నిద్రపోయాను. ఒకసారి అంత తప్పు చేసినది రెండోసారి చూడకుండా సంతకం పెట్టదు, ఒకటికి పదిసార్లు చూసే పెట్టి ఉంటుంది అనుకున్నాను. ఆ నిద్రలోనే అనిపించింది, ఇంక చాలు, వెళ్ళి పలకరిద్దామని."

పైన హాలు తలుపు తెరిచిన చప్పుడయింది. డాన్సర్లు వస్తున్నారు. ఒళ్ళు వెచ్చబడడానికి నెమ్మదిగా నడుస్తున్నారు.

చెప్పకుండా ఉండడానికి నాకు ఇంకా అవకాశం ఉంది. అక్క నవ్వుతోంది, నా ఎదురుగా కూర్చుని ఉంది, కాళ్ళకు నేను రాసిన మందు. ఇంకో తొమ్మిది రోజులు ఈ నవ్వు నాది. ఆ తొమ్మిది రోజుల మీద నాకు ఆశ పుట్టిందని ఒప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, కానీ పుట్టింది.

"అక్కా, పాప ఎముక పగిలింది" అన్నాను.

మొత్తం చెప్పాను. రెండు నెలల కిందటి నొప్పి, మెత్తలో గుంట, ఎక్స్‌రే, డాక్టరు చెప్పిన ఆరు వారాలు, మళ్ళీ గుంట, సంతకం. అక్క మొహంలో నవ్వు ఎప్పుడు పోయిందో నేను చూడలేదు, నేల వంక చూస్తూ చెప్పాను.

"పగిలిందని తెలిసే సంతకం పెట్టావా?"

"తెలిసే."

"నా కాలు బాగుంటే పాడైందని ఊరంతా చాటావు. నా పిల్ల కాలు పగిలితే బాగుందని రాసిచ్చావు."

"ఆనాడు చెప్పి చెడ్డదాన్నయ్యాను కదక్కా. మళ్ళీ చెబితే పాపను కూడా..."

"వేలికి వేస్తే కాలికి, కాలికి వేస్తే వేలికి వెయ్యకు!" అక్క అరిచింది. "ఆనాడు నువ్వు చెప్పడం తప్పు కాదే పిచ్చిదానా. చూడకుండా చెప్పడం తప్పు. దానికి మందు మూగదానివి అయిపోవడమా? అప్పుడూ నీ భయమే చూసుకున్నావు, ఇప్పుడూ నీ భయమే. మధ్యలో ఉన్న కాలు ఎవరిదో నీకు పట్టలేదు."

కొడితే బాగుండేదనిపించింది. అక్క కొట్టలేదు. మందు ఆరని కాళ్ళే చెప్పుల్లో దూర్చింది. "పద, పైకి. డైరెక్టరుకు చెప్పాలి. నువ్వే చెబుతావు, నేను పక్కన నిలబడతాను."

తలుపు దగ్గరికి వెళ్ళేలోపే బొంగరం మెట్లు దిగి వచ్చింది. రిహార్సల్ బట్టల్లో ఉంది, జుట్టు ముడి వేసుకుని ఉంది. వాళ్ళమ్మను నా దుకాణంలో చూసి, మొదట ఆశ్చర్యపోయింది, తర్వాత మా ఇద్దరి మొహాలు చూసింది.

"మాటిచ్చావు పిన్నీ" అంది మెల్లగా.

"ఇచ్చాను. ఇవ్వకూడని మాట ఇచ్చాను. తప్పాను."

"తొమ్మిది రోజులు! తొమ్మిది రోజులు ఆగలేకపోయావా? అమ్మకు పోయింది, ఇప్పుడు నాకూ పోవాలా?"

అక్క దాని దగ్గరికి వెళ్ళి భుజాలు పట్టుకుని పెద్ద కుర్చీలో కూర్చోబెట్టింది. "నాకు ఒక సీజన్ పోయింది. నేను మళ్ళీ రాలేదు, అది నా ఖర్మ, కొంత నా చేతకానితనం. నీకు ఆరు వారాలు పోతాయి, నిన్ను మళ్ళీ ఇక్కడికి నేనే లాక్కొస్తాను. కాలు మిగిలితే కదా రావడం" అంది. కోపం లేదు గొంతులో. ఆ మాటలు పందొమ్మిదేళ్ళ కిందట తనకెవరైనా చెప్పవలసినవని నాకు తెలుస్తూనే ఉంది. చెప్పవలసినదాన్ని నేనే.

బొంగరం కన్నీళ్ళు తుడుచుకోలేదు. తర్వాత సంచీలోంచి పెద్ద బ్రౌను కవరొకటి తీసింది. అంటించిన మూత అంటించినట్టే ఉంది.

"నాలుగు రోజుల నుంచి నొప్పి పక్కకు జరిగింది. అదివరకటి చోట లేదు. నిన్న మళ్ళీ ఎక్స్‌రే తీయించాను. తెరవాలంటే భయమేసింది. పిన్ని చేత చూపిద్దామనే వచ్చాను, నువ్వున్నావని తెలీదు."

కవరు నా వైపు చాపింది. అలవాటుగా చెయ్యి ముందుకు వెళ్ళింది, సగంలో వెనక్కి తీసుకున్నాను. పాదాలు చదివి నేను తెచ్చిపెట్టిన నష్టం చాలు. "నేను చూడను. డాక్టరు రాసిన కాగితం ఉంటుంది లోపల. అది అమ్మను చదవమను" అన్నాను.

అక్క మూత చింపి కాగితం తీసింది. కళ్ళజోడు లేదేమో, కిటికీ దగ్గరికి వెళ్ళి వెలుతురులో పట్టుకుంది. పైన నడక ఆగింది. డైరెక్టరు చప్పట్లు కొట్టి లెక్క మొదలుపెట్టాడు.

"రెండో వేలి వెనక ఎముక, పాత పగులు" అని చదివింది అక్క. "మూడో వేలి వెనక ఎముక, కొత్త పగులు." కాగితం దించి నన్ను చూసింది. "ఒకటే అన్నావు కదే?"

గుంట చెక్కిన కత్తి బల్ల మీద నా ఎదురుగానే ఉంది. అర్థం కావడానికి నాకు ఒక్క నిమిషం కూడా పట్టలేదు. పని నేర్చుకోవడానికి వచ్చిన పిల్లకు ఇదే సంగతి నేర్పాల్సి వస్తే మొదటి రోజే నేర్పేదాన్ని.

"బరువు ఎక్కడికీ పోదక్కా" అన్నాను. "ఒక ఎముక కింద గుంట చేస్తే, అది మొయ్యాల్సిన బరువు పక్క ఎముక మీద పడుతుంది. మొదటిసారి నొప్పి పోయిందని సంబరపడి, రెండోసారి ఇంకా లోతుగా చెక్కాను. రెండోది గెంతి గెంతి పగిలింది. మూడోది నేను విరిచాను."

పైన గెంతులు మొదలయ్యాయి, అందరూ ఒకేసారి గాల్లోకి లేచి ఒకేసారి నేల మీద పడుతున్నారు. అరల్లో కొయ్య పాదాలు సన్నగా అదురుతున్నాయి.

బొంగరం పైకప్పు వంక చూసింది.

"పిన్నీ, ఆ మెత్త వేసుకున్నాక హాయిగా ఉందని నేనే అందరికీ చెప్పాను. కొంగ, బుల్లెట్టు, ఆలస్యం, అత్తగారు, నలుగురూ వచ్చి నీ దగ్గర నాదానిలాగే గుంట చెక్కిన మెత్తలు చేయించుకున్నారు కదా? నలుగురూ ఇప్పుడు పైనే ఉన్నారు."